అన్నం పెట్టి అడిగితే కాదనరు

కృత్రిమ మేధ చట్టం గురించి కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు రాసిపెట్టమని మన ఆఫీసువాళ్ళు అడిగారు. చట్టంలో ఏ సెక్షను ఏం చెబుతుందో మీరు ఫోనులోనే చదువుకోగలరు. దానికోసం రిటైరై ఇంట్లో హాయిగా ఉన్న మనిషిని కదపడం దండగ. నాకు తెలిసింది అందులో ఒకే ఒక్క వాక్యం. అది ముసాయిదాలో ఎలా ఉండేదో, ఎందుకు మారిందో, దానివల్ల మన కంపెనీకి ఏ దెబ్బ తగిలిందో నాకు బాగా తెలుసు, ఆ గొడవంతా నా కళ్ళ ముందే జరిగింది గనక. పేర్లు మాత్రం రాయను. ఆ మనుషుల్లో సగం మంది ఇప్పటికీ సంతలో ఎదురవుతారు, నేను వాళ్ళకి ముఖం చూపించాలి కదా!

నేను చేరిన రోజుల్లో ఇది కంపెనీ కూడా కాదు. ఒక గోడౌను, ఒక కాటా, సగం రోజులు మెకానిక్ దగ్గరే ఉండే ఒక జీపు, అంతే. అరకు చుట్టుపక్కల కొండ ఊళ్ళలో కాఫీ, మిరియాలు, తేనె, కరక్కాయ, విస్తళ్ళు కుట్టే అడ్డాకు కొని కిందికి పంపేవాళ్ళం. నేను మిషను బడి టీచరుగారి కూతుర్ని. గొంతు పెద్దది, నోరు ఇంకా పెద్దది. అందుకని రైతులతో మాట్లాడే పని నాకు అంటగట్టారు. చివరికి రైతు సంబంధాల మేనేజరు అనే హోదాతో దిగిపోయాను. హోదా పెరిగింది గానీ పని అదే: కొండెక్కడం, అడగడం, చీవాట్లు తినడం, దిగడం.

అడవి సరుకుతో తంటా ఏమిటంటే దానికి క్యాలెండరు ఉండదు. బండి వేసుకుని వెళితే తేనె ఇంకా దిగదు. ఇంకో వారం ఆగి వెళితే దళారీ ముందే వచ్చి ఎత్తుకుపోయి ఉంటాడు. ఇలా కాదని మన డైరెక్టరుగారు విశాఖ నుంచి ఒక సాఫ్ట్‌వేరు సంస్థను పట్టుకొచ్చారు. మన ఫీల్డు కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని సేకరణకు వెళ్ళేవాళ్ళ వెంట అడవిలో తిరిగారు. దారులు, చెట్లు, తేనె పట్టే బండలు, పూత, కాయ, అన్నీ ఫొటోలు తీశారు. వాటన్నిటితో ఒక యాప్ తయారైంది. ఏ వారం ఏ వాలులో ఏ సరుకు చేతికొస్తుందో అది ముందే చెబుతుందట.

"దీని బదులు కోయిల్ని పెంచుకుందాం సార్, అదైనా పాడుతుంది" అన్నాను డైరెక్టరుగారితో. ఆయన నాకంటే చాలా చిన్నవాడు, మంచివాడు, ఎప్పుడూ పరుగే. నవ్వేసి ఊరుకున్నాడు. ఆ ఏడు తేనె బండి సరిగ్గా వెళ్ళవలసిన వారమే వెళ్ళింది. డబ్బాలు నిండుగా దిగాయి. నోరు మూసుకున్నాను. నాకది అరుదైన పనే.

ఆ యాప్ మంచి పనిముట్టు, ఇప్పటికీ అదే అంటాను. చిక్కు వేరే చోట వచ్చింది. మన సరుకు కొనే ఒక పెద్ద నగర సంస్థ ఆ యాప్ తమకూ కావాలంది. ఇస్తే మనతో పొడుగాటి ఒప్పందానికి సిద్ధమంది. అప్పటికి మన కంపెనీ ఊపిరి పీల్చుకోవాలంటే ఆ ఒప్పందం తప్ప ఇంకో దారి లేదు. అయితే ఆ యాప్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి కొండ మీది ప్రతి తేనె బండా, ప్రతి నరమామిడి చెట్టూ దారితో సహా తెలిసిపోతాయి.

నరమామిడి అంటే మీలో కొందరికి తెలియకపోవచ్చు. దాని బెరడు అగరబత్తుల తయారీకి పోతుంది. కొంచెం కొంచెంగా తీస్తే చెట్టు బతుకుతుంది, చుట్టూ ఒలిచేస్తే చస్తుంది. పై కొండ మీద ఒక ఊరుంది. ఆ ఊరివాళ్ళ నరమామిడి చెట్లని ఒకప్పుడు బయటి కాంట్రాక్టరు మనుషులు మొదలు నుంచి కొమ్మల దాకా ఒలుచుకుపోయారు. వాలు మొత్తం ఎండిపోయింది. ఆ ఊళ్ళో మాట చెల్లే మనిషి ఒక పెద్దావిడ, నేను పెద్దమ్మ అంటాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు కొండ దారులు చూపించింది ఆవిడే. నా తల నెరిసినా ఆవిడకి నేను గుంటనే, చిన్నపిల్లనే.

యాప్ సంగతి ఊరంతా పాకిన రోజుల్లో ఒకసారి సంతలో నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏటే గుంటా, ఆ ఫోన్లో మా బండలన్నీ ఉన్నాయేటి?"

"ఉన్నాయి పెద్దమ్మా."

"సెట్లు?"

"అవీ ఉన్నాయి."

ఆవిడ చెయ్యి వదిలేసి ఉప్పు కొనుక్కోవడానికి పోయింది.

అదే సమయానికి ఢిల్లీలో కృత్రిమ మేధ చట్టం ముసాయిదా తయారవుతోంది. అందులో నేను చెబుతున్న వాక్యం ఉంది. ఏ సంస్థయినా జనం సమాచారంతో ఇలాంటి యంత్రానికి నేర్పేటప్పుడు ఆ సంగతి వాళ్ళకి తెలియజేయాలి. గడువులోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. డైరెక్టరుగారు ఆ వాక్యం చదివి కుర్చీలోంచి లేచినంత పని చేశారు.

"మేడం, మనలాంటి చిన్న కంపెనీలకి ఇదే ప్రాణం. పెద్ద సంస్థలకి లాయర్లు ఉంటారు, ఆఫీసులు ఉంటాయి. మనం ఒక్కొక్క ఇంటికీ ఎక్కి ఒప్పించాలంటే కాఫీ ఎప్పుడు అమ్ముతాం, జీతాలు ఎప్పుడు ఇస్తాం?"

ఆయన మాటలో న్యాయం ఉంది. మీరు రేపు చట్టాల గురించి మాట్లాడేటప్పుడు వ్యాపారం చేసేవాళ్ళని ఊరికే దొంగల్లా చూడకండి. జీతాల తారీఖు ఎవరిని నిద్రపోనివ్వదో నాకు తెలుసు.

ఇంతలో ఆ ముసాయిదా మీద కొండ ప్రాంతాల్లో అభిప్రాయాలు అడగడానికి ఢిల్లీ కమిటీ ఒకటి అరకు వస్తోందని కబురు. చిన్న వ్యాపారాలు ఏమంటాయి, జనం ఏమంటారు అన్నది వాళ్ళు వినాలి. ఏర్పాట్లు మన కంపెనీకే అప్పగించారు. పై కొండ ఊరివాళ్ళని కూడా పిలవమన్నారు. ఆ ఊరు ఏమీ అభ్యంతరం చెప్పలేదని కమిటీ రాసుకుంటే చాలు, యాప్ తీసుకుంటే రేపు గొడవ రాదన్న ధైర్యంతో నగర సంస్థ మన ఒప్పందం మీద సంతకం పెట్టేస్తుంది. అదీ ఆ రోజు మీద ఉన్న బరువు.

ఇక్కడ మన కొండల మర్యాద ఒకటి మీకు చెప్పాలి. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పరు. ఆ ఊళ్ళలో ఒకరి అన్నం తిన్నాక ఆ గడపలోనే వాళ్ళ మాటకి కాదనరు. అలా అనడం అన్నాన్ని అవమానించడం. కాదనాలంటే ఇంటికి పోయి, ఊళ్ళో కూర్చుని మాట్లాడుకుని, తర్వాత మనిషి చేత కబురు పెడతారు. మన కంపెనీ పెట్టే ప్రతి మీటింగూ భోజనంతో మొదలయ్యేది. అందుకే మన మీటింగుల్లో అందరూ అన్నిటికీ ఒప్పుకునేవాళ్ళు. తర్వాత కబురు వచ్చేది. ఆ కబురు ఆఫీసులో ఎవరూ వినిపించుకునేవారు కాదు, మీటింగు అయిపోయింది కదా! ఈ సంగతి నేను ఎన్నిసార్లు చెప్పానో. "మేడం, మీరు మరీ ఎక్కువ ఆలోచిస్తారు" అనేవాళ్ళు. సరే, ఆలోచించడానికే జీతం ఇస్తున్నారు కదా అని నేనూ ఊరుకునేదాన్ని కాను.

కమిటీ రైల్లో వచ్చింది. రైలు సొరంగాల మధ్య ఎక్కడో ఆగి ఆగి, బొర్రా దాటేసరికే బాగా ఆలస్యమైంది. నేను మీటింగు హాలు దగ్గరికి వెళ్ళేసరికి పై కొండ ఊరివాళ్ళు అప్పటికే దిగి వచ్చి, చెట్ల కింద కూర్చుని ఉన్నారు. వెనకాల వంటశాలలో మన సూపర్‌వైజరు నడుముకి తువ్వాలు చుట్టుకుని హడావిడి పడుతున్నాడు. శృంగవరపుకోట వైపు మనిషి. తిండి పెట్టడంలో చెయ్యి పెద్దది.

"మేడమా, ఢిల్లీవోళ్ళకి బొంగులో చికెన్ సెప్పినాను. మిగతావోళ్ళకి కోడికూర, పప్పు. టైము దాటిపోనాది గదా, ముందు బేగి తినిపించేసి అప్పుడు మీటింగు ఎట్టేద్దారి."

"ఎవరు చెప్పారు ముందు తినిపించమని?"

"ఎవలు సెప్పాలేటి? ఆకలేత్తే ఎవలికైనా ముందు తిండే గదా!"

"ఒక్క ముద్ద కూడా బయటికి రాకూడదు. తలుపు వేసెయ్" అన్నాను.

"ఓలమ్మో! ఢిల్లీ నుంచొచ్చినోళ్ళని పస్తులెడతారేటి? నా ఉద్యోగం ఊడిపోద్ది!"

"ఊడితే నాది ఊడుతుంది. ఎలాగూ రిటైరయ్యేదాన్ని. తలుపు వెయ్."

ఈ కేకలకి డైరెక్టరుగారు వంటశాలలోకి వచ్చారు. సంగతి విని ఆయన ముఖం ఎర్రబడింది. "మేడం, మీకు మన కంపెనీ కావాలా, వద్దా? వాళ్ళు తింటారు, వింటారు, వెళతారు. మనం అబద్ధమేమీ చెప్పడం లేదు కదా" అన్నారు.

"చెప్పక్కర్లేదు సార్. కోడికూరే చెబుతుంది" అన్నాను.

ఆయన నన్ను ఆపేలోపే బయటికి వచ్చేశాను. కమిటీకి పెద్ద ఒక కార్యదర్శి మేడం. ఉద్యోగం ఢిల్లీలో గానీ పుట్టింది గుంటూరు వైపేనట, చక్కగా తెలుగులో మాట్లాడింది. ప్రయాణంలో నలిగిపోయి, చేతులు కడుక్కుని భోజనానికి సిద్ధంగా నిలబడి ఉంది. నేను నమస్కారం పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను: మీరు ముందు భోజనం పెట్టి తర్వాత అడిగితే ఈ ఊరివాళ్ళు మీరు ఏమడిగినా ఊరుకుంటారు, అది వాళ్ళ మర్యాద, అంతేగాని ఒప్పుకోవడం కాదు.

ఆవిడ తడి చేతులు తుడుచుకుంది. "అంటే మమ్మల్ని ఆకలితో మీటింగు పెట్టమంటారా?"

"అవునండీ."

"నాకు షుగరుందండీ" అంది ఆవిడ. హ్యాండుబ్యాగులోంచి రెండు బిస్కెట్లు తీసి చెట్టు చాటుకి పోయి తినేసి వచ్చి, "పదండి" అంది. ఆ క్షణంలో ఆవిడంటే నాకు గౌరవం పుట్టింది, ఈనాటికీ పోలేదు.

హాల్లో వాక్యం చదివారు. నేను కొండ ఊళ్ళ తెలుగులో విడమర్చి చెప్పాను. డైరెక్టరుగారు లేచి చిన్న కంపెనీల కష్టం చెప్పారు, చాలా బాగా చెప్పారు కూడా. ఊరివాళ్ళు అంతా విన్నారు. హాలు నిశ్శబ్దంగా ఉంది. కమిటీలో ఒక కుర్రాఫీసరు ల్యాప్‌టాప్ మీద ఏదో కొట్టుకుంటున్నాడు. వంగి చూశాను. అభ్యంతరాలేవీ రాలేదని రాస్తున్నాడు.

"బాబూ, అది రాయకు" అన్నాను గట్టిగా.

అందరూ నా వైపు తిరిగారు. పెద్దమ్మ లేచి నిలబడింది. "మేం ఇన్నాం. ఊళ్ళో కూకొని మాటాడుకొని సంత రోజుకి సెప్తాం" అంది.

"మా పర్యటన షెడ్యూలు ప్రకారం ఈ రోజే ముగించాలి మేడం" అన్నాడు కుర్రాఫీసరు, కార్యదర్శి మేడం వైపు చూస్తూ.

అప్పుడు నేను అన్న మాట నాకు అక్షరం తప్పకుండా గుర్తుంది, ఎందుకంటే నా జీవితంలో నేను సరైన సమయానికి అన్న మాటలు తక్కువ. "అమ్మా, మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అనే మీ వాక్యం ఎలా పనిచేస్తుందో మీ కళ్ళముందే జరుగుతోంది. ఇప్పుడు ఈయన రాసినదాని మీద మీరు సంతకం పెడితే ఆ ఊరు ఇచ్చిన జవాబు అదే అయిపోతుంది. ఆ ఊరేమో ఇంకా జవాబే ఇవ్వలేదు" అన్నాను.

కార్యదర్శి మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. రంపచోడవరంలో ఇంకో సమావేశం ఉందని, అది ముగించుకుని తిరుగు ప్రయాణం ఇటే పెట్టుకుని సంత రోజుకి వస్తానని చెప్పింది. ఊరివాళ్ళు లేచి, తెచ్చుకున్న జావ చెట్ల కింద తాగి, కొండెక్కి వెళ్ళిపోయారు. కోడికూరంతా మేమే తిన్నాం. డైరెక్టరుగారు తినలేదు. నాతో రెండు రోజులు మాట్లాడలేదు కూడా.

సంత రోజు వచ్చింది. సంతని ఆనుకుని ఉన్న మన పాత గోడౌను అరుగు మీద బెంచీలు వేశాం. కార్యదర్శి మేడం మాట నిలబెట్టుకుని వచ్చింది. పెద్దమ్మ, ఊరి నుంచి ఇంకొందరు వచ్చి నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మాటాడకపోతే ఒప్పుకున్నట్టు కాదు" అంది పెద్దమ్మ, ఎవరి ముఖమూ చూడకుండా. "అడిగినోళ్ళు జవాబు వచ్చిందాకా ఆగాల. కబురు రాపోతే మళ్ళీ వచ్చి అడగాల. అదీ మా ఊరి మాట."

కార్యదర్శి మేడం రాసుకుంది. నాకు ఛాతీ ఉప్పొంగింది, దాచడం ఎందుకు? చుట్టూ చూశాను, డైరెక్టరుగారి ముఖం కూడా చూశాను. గెలిచానని మొత్తం సంతకి వినబడేలా అరవాలనిపించింది. ఇక మన యాప్ సంగతంటారా, అందులో నాకు అనుమానమే లేదు. ఇంతకాలం వాళ్ళతో కలిసి తిరిగిన మనిషిని, వాళ్ళ కోసం ఢిల్లీవాళ్ళని పస్తులుంచిన మనిషిని. మన పెద్దమ్మ నన్ను కాదంటుందా?

"ఇంకోటి" అంది పెద్దమ్మ. ఈసారి నా వైపు తిరిగింది. "మీ ఫోన్లో మా బండలు, మా సెట్లు, మా దారులు ఉండకూడదు. తీసెయ్యండి. కాఫీ ఆకు తెగులొత్తే దాని బొమ్మ తీసుకోండి, మాకూ పనికొత్తాది. అడివి మాత్రం ఒద్దు."

"పెద్దమ్మా, నేనెప్పుడైనా మిమ్మల్ని మోసం చేశానా?" అన్నాను. కోపమో ఏడుపో నాకే తెలియలేదు.

"నువ్వు సెయ్యనేదు. ఎవలన్నారు సేసినావని? నువ్వే మాకు టైము ఇప్పించినావు గదా. ఆ టైములోనే నీ సంగతి కూడా మాటాడుకున్నాం."

"ఏం మాట్లాడుకున్నారు?"

"నువ్వు ఎల్లిపోతావు. ఆ ఫోను ఉండిపోద్ది. నీ ఎనక ఎవలొత్తారో నీకు తెలుసా?"

తెలియదు. ఆ మాట ఆ సంతలో, అంతమంది ముందు, నేను చెప్పవలసి వచ్చింది. "తెలియదు పెద్దమ్మా" అన్నాను.

"మాకూ తెలీదు" అంది ఆవిడ, మెత్తగానే.

డైరెక్టరుగారు ముందుకొచ్చారు. ఆయన్ని నేను ఎన్నోసార్లు విసుక్కున్నాను గానీ ఆ పూట ఆయన తన మనిషితనం చూపించారు. "ఫొటోలు ఇవాళే చెరిపించేస్తాను. కానీ ఆ యంత్రం వాటి నుంచి నేర్చుకున్నది విడిగా లాగి తీయడం కుదరదమ్మా. మొత్తం పారేసి మొదటి నుంచి నేర్పాలి" అన్నారు.

"అయితే నేర్పండి. పిల్లలకి తప్పు నేర్పితే మళ్ళీ నేర్పరేటి?"

"పాతది పారేసి మళ్ళీ నేర్పినట్టు వీళ్ళకి ఎలా తెలుస్తుంది?" అని కార్యదర్శి మేడం అడిగింది. ఆవిడ ఆ ప్రశ్న కూడా రాసుకుంది. తర్వాత వచ్చిన ముసాయిదాలో మౌనం ఒప్పుకోలు కాదని ఉంది. చెరిపినదాన్ని బయటివాళ్ళు వచ్చి పరిశీలించాలని కూడా ఉంది. ఇవి మా ఒక్క అరుగు మీదే పుట్టాయని నేను అనను, దేశంలో ఇంకెన్ని అరుగులున్నాయో. కానీ మా అరుగు మీద కూడా పుట్టాయి. అది ఎవరు కాదన్నా ఒప్పుకోను.

నగర సంస్థ వెళ్ళిపోయింది. ఒప్పందం పోయింది. ఆ ఏడు తేనె బండి మళ్ళీ ఖాళీగా కొండెక్కి ఖాళీగా దిగింది. సూపర్‌వైజరు నన్ను చూసినప్పుడల్లా "ఆ రోజు కోడికూర తినిపించేసుంటే!" అనేవాడు. కంపెనీ మూతపడుతుందని నేనూ భయపడ్డాను, దేవుడి ముందు మోకాళ్ళూనాను. మూతపడలేదు. ఆకు తెగుళ్ళు చెప్పే కొత్త యాప్ తయారుచేయించాం. ప్రతి ఊరినీ అడిగి, ఆగి, మళ్ళీ అడిగి తయారుచేయించాం. ఆలస్యమైంది. కానీ చట్టం గట్టిపడుతుందని వినగానే మిగతా కంపెనీలు గాభరాపడి చేసినదంతా మళ్ళీ చేసుకుంటున్న రోజుల్లో మనకి చెరపాల్సింది ఏమీ మిగల్లేదు. మీరు చేరింది ఆ కంపెనీలో. ఆ సంగతి గర్వంగా చెప్పుకోండి, నేను చెప్పుకుంటాను.

రిటైరయ్యాక కూడా సంతకి వెళుతూనే ఉన్నాను. మొన్న పెద్దమ్మ కనిపించింది. ఇంకా నిటారుగానే నడుస్తోంది. అడవి సరుకు సంగతి మళ్ళీ మాట్లాడవచ్చేమోనని ఊళ్ళో అనుకుంటున్నారట. ఏ యంత్రంతో అన్నది తర్వాత, ముందు మనిషిని చూడాలంది.

"నీ ఎనక ఎవలొచ్చారో తీసుకొచ్చి సూపెట్టు" అంది.

అందుకే ఇదంతా రాశాను. వచ్చే సంతకి మీలో ఎవరు నాతో వస్తారో మీరే తేల్చుకోండి. ఫోను జేబులోనే పెట్టుకోండి. అడగవలసింది తెలిసిన మాటల్లో అడగండి. ఆవిడ మిమ్మల్ని పైనుంచి కిందికి చూస్తుంది, ఏమీ అనదు. అది ఒప్పుకోవడమని మాత్రం అనుకోకండి.